ఫస్టియర్‌లో చేరబోతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదటి రెండు నెలలు జాగ్రత్త

కౌన్సెలింగ్ అయిపోయింది, సీటు వచ్చింది, ఇంట్లో అమ్మ పచ్చళ్లు డబ్బాల్లోకి సర్దుతోంది. ఈ టైమ్‌లో అందరూ "బాగా చదువుకో" అనే చెప్తారు, అది మీకు ఎలాగూ తెలుసు. నేను వేరే సంగతులు చెప్తాను. మనలో చాలామంది ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, స్టడీ అవర్‌లో సార్ కళ్లముందు కూర్చుని గడిపినవాళ్లమే. ఇంజినీరింగ్ కాలేజీలో, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆ గంట ఉండదు. క్లాసుకి రాకపోతే రూముకొచ్చి లేపేవాళ్లు లేరు, అన్నం తినకపోతే అడిగేవాళ్లు లేరు. ఏదైనా తేడా వచ్చినా మూడు నెలల తర్వాత నోటీసు బోర్డు మీద చూసి తెలుసుకోవాలి. నేను చూసినంతలో ఫస్టియర్‌లో దెబ్బతిన్నవాళ్లలో మంచి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. "తర్వాత చెప్దాంలే" అని ఊరుకోవడం వాళ్లని ముంచింది.

ముందు అటెండెన్స్. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే అనారోగ్యం లాంటి కారణం చూపించి, ఫీజు కట్టి, కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు, అడుక్కోవాలి. 65 కన్నా తగ్గితే డిటెన్షనే. అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చోవాలి. వారానికి 30 పీరియడ్ల చొప్పున 16 వారాలు అనుకుంటే 480 పీరియడ్లు. అందులో పాతిక శాతం అంటే 120, రోజుల్లో చెప్తే ఇరవై. చాలా ఉన్నట్టు అనిపిస్తుంది కదా, కానీ దసరాకి ముందు రెండు రోజులు, వెనక రెండు రోజులు కలుపుకుని ఊరికి వెళ్తారు, ఒక వారం జ్వరం, ఇంట్లో ఒక పెళ్లి, మధ్యాహ్నం నిద్రొచ్చి ల్యాబ్ మానేస్తే ఒక్క దెబ్బకి మూడు పీరియడ్లు, ఇంతలోనే ఆ ఇరవై రోజులూ కరిగిపోతాయి. కౌన్సెలింగ్ చివరి విడతలో ఆలస్యంగా చేరినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జ్వరం వస్తే మెడికల్ సర్టిఫికెట్ తిరిగొచ్చిన వారంలోనే ఆఫీసులో ఇచ్చేయండి, సెమిస్టర్ చివర్లో తీసుకెళ్తే ఎవరూ నమ్మరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ 75 శాతం అటెండెన్స్ కావాలి, అది ఆగిపోతే ఆ భారం నాన్న మీద పడుతుంది. మీ బ్యాచ్‌కి ఏ రెగ్యులేషన్ (యూనివర్సిటీ చదువు, పరీక్షల నియమావళి) వర్తిస్తుందో కనుక్కుని, పై ఏడాదికి వెళ్లాలంటే ఎన్ని క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) కావాలో మొదటి వారంలోనే చదివి పెట్టుకోండి.

సర్టిఫికెట్ల సంగతి. ఒరిజినల్స్ చూసి సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే కాలేజీలకు చెప్పింది, అయినా తీసుకుని ఉంచుకునే కాలేజీలు ఉన్నాయి. ఇవ్వక తప్పకపోతే ఏమేమి ఇచ్చారో ఒక కాగితం మీద రాసి, సంతకం, స్టాంపు వేయించుకోండి. ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేసి మెయిల్లో పెట్టుకోండి, నాలుగు సెట్లు జిరాక్స్ తీసి ఒక సెట్ ఇంట్లో ఉంచండి.

ఇక జ్వరాలు. క్లాసులు మొదలయ్యేదే వానాకాలంలో, డెంగీ కూడా అప్పుడే. ఫస్టియర్‌లో నా రూమ్‌మేట్‌కి జ్వరం వచ్చింది. ఇంట్లో చెప్తే అమ్మ కంగారుపడుతుందని చెప్పలేదు, ఒళ్లునొప్పులకి ఎవరో ఇచ్చిన నొప్పిమాత్రలు వేసుకుంటూ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నాలుగో రోజుకి జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. ఆ రాత్రే కడుపునొప్పి, వాంతులు, పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. వాష్‌బేసిన్‌లో ఆ ఎర్రటి నురగ చూసి మేమిద్దరం ఏం చేయాలో తోచక నిలబడిపోయాం. వాచ్‌మన్ అన్న ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు కాబట్టి బతికాడు. తర్వాత డాక్టర్ చెప్పిన మాట మీకూ చెప్తున్నా: డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే రోజుల్లోనే ఉంటుంది. అప్పుడు గనక కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తం కనపడటం, మగతగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, అదీ లెక్కప్రకారం వేసుకోండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పిమాత్రలు సొంతంగా వేసుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం ఎక్కువవుతుంది. ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగుతూ ఉండాలి, రెండో రోజుకీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది, మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. హాస్టల్లో నీళ్లు రావేమోనని బాత్రూముల్లో నింపి పెట్టుకునే బకెట్లు ఉంటాయే, అవే దాని ఇల్లు. వారానికి ఒకసారైనా వంచి, రుద్ది కడగండి. ఎవరికి జ్వరం వచ్చినా మొదటిరోజే ఇంట్లో ఒకరికి, వార్డెన్‌కి చెప్పండి. అమ్మ కంగారుపడితే పడనివ్వండి.

చలికాలంలో హీటర్ రాడ్ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. చాలా హాస్టళ్లలో వద్దంటారు, అయినా దొంగచాటుగా వాడతారు. నీళ్లు కాగాయా లేదా అని వేలు పెట్టి చూసే అలవాటు ప్రాణాలు తీస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ తీసేదాకా నీళ్లని గానీ బకెట్‌ని గానీ ముట్టుకోకండి.

ర్యాగింగ్ గురించి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. సీనియర్లలో మంచివాళ్లే ఎక్కువ, పాత ప్రశ్నపత్రాలు, నోట్సులు, ఏ సబ్జెక్టు ఎలా చదవాలో అన్నీ వాళ్ల దగ్గరే దొరుకుతాయి. పేరు, ఊరు అడిగితే నవ్వుతూ చెప్పండి. కానీ రాత్రిపూట రూముకి రమ్మనడం, గంటలకొద్దీ నిలబెట్టడం, వాళ్ల ల్యాబ్ రికార్డులు మీతో రాయించుకోవడం, డబ్బులు తీసుకోవడం, కొట్టడం, బట్టల మీద, కులం మీద, యాస మీద వెక్కిరించడం, ఇవన్నీ నేరాలే. మన దగ్గర 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, జైలుశిక్ష కూడా ఉంది. 2009లో హిమాచల్‌లో ఒక మెడికల్ కాలేజీ విద్యార్థి ర్యాగింగ్ వల్ల చనిపోయాక యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో ఏమైనా చేయమని వేధిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకి పంపండి, ఆ తర్వాతే డిలీట్ చేయండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: ఒంటరిగా భరించొద్దు. మీ రూములో ఇంకొకరికి అలా జరుగుతుంటే మీరు చెప్పండి, ఆ పిల్లాడికి నోరు పెగలకపోవచ్చు.

డబ్బుల దగ్గర, "నీ బ్యాంక్ అకౌంట్ ఒక నెల వాడుకోనివ్వు, ఐదువేలు ఇస్తాం" అని ఎవరైనా వస్తే, అడిగింది క్లాస్‌మేటే అయినా సరే, ఇవ్వకండి. సైబర్ మోసాల డబ్బు అలాంటి అకౌంట్లలోంచే తిప్పుతారు, పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే. సిమ్ కార్డూ అంతే. వీడియోలకి లైక్ కొడితే డబ్బులిస్తామనే ఉద్యోగాలు, నిమిషంలో అప్పిచ్చే యాప్‌లు, వీటి జోలికి వెళ్లొద్దు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి మొదటి నెల క్లాసులో ఒక్క ముక్కా అర్థం కాదు. పక్కన కూర్చున్నవాళ్లు ఇంగ్లీషులో టకటకా మాట్లాడుతుంటే గొంతు ఎండిపోతుంది. క్లాసయ్యాక సార్ దగ్గరికో మేడమ్ దగ్గరికో వెళ్లి తెలుగులోనే అడగండి, చెప్తారు. ఇంటిమీద బెంగ, నిద్ర పట్టకపోవడం కూడా ఆ రోజుల్లోనే ఉంటాయి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, ఎందుకీ బతుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం ఒక తెల్లకాగితం తీసుకుని ఈ నంబర్లన్నీ, ఇంట్లో ఇద్దరివీ, మీ బ్లడ్ గ్రూపూ రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడు అదే దిక్కు. వార్డెన్ నంబరు, రూమ్‌మేట్ నంబరు చేరిన రోజే ఇంటికి పంపండి. సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన ఒక దోమతెర, పారాసెటమాల్ షీటు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్, పాతిక పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు పెట్టుకోండి.