కుక్క కరిస్తే ఏం చేయాలి, ఎందుకు చేయాలి

కుక్క కరిస్తే ముందు కుళాయి దగ్గరకు వెళ్లాలి. ఆసుపత్రి ఆ తరువాత. ధారగా పడే నీటి కింద గాయాన్ని ఉంచి, బట్టల సబ్బయినా ఒంటి సబ్బయినా సరే, నురగ వచ్చేలా రాస్తూ 15 నిమిషాలు కడగాలి. ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఒడిసి పట్టుకుని కడిగేటప్పుడు రెండు నిమిషాలే అరగంటలా అనిపిస్తాయి కనుక గడియారం చూసుకోవడం అవసరం. కుక్క కాటుతో వచ్చే ప్రాణాంతక జబ్బు రేబిస్. దాన్ని కలిగించే వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను అక్కడికక్కడే నిర్వీర్యం చేస్తుంది. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి అద్దకూడదు. కడిగాక పోవిడోన్ అయొడిన్ అనే క్రిమిసంహారక మందు రాసి, కట్టు కట్టకుండా బయలుదేరాలి.

మామూలు గాయంలో సూక్ష్మజీవులు చొరబడితే, తెల్లరక్తకణాలు గంటల్లోనే అక్కడికి చేరి వాటిని మింగేస్తాయి. గాయం ఎర్రబడి, వాచి, వేడెక్కడం ఆ పోరాటానికి గుర్తు. రేబిస్ వైరస్ అంత అలజడి రేపదు. కొద్దిపాటిగా కండరంలోకి దిగి, నాడి కొసను పట్టుకుని, ఆ నాడి లోపలి నుంచే మెదడు వైపు పాకుతుంది. అక్కడ అది యాంటీబాడీలకు, అంటే వైరస్‌ను పట్టి అడ్డుకునేందుకు ఒళ్లు తయారుచేసే ప్రోటీన్లకు, దాదాపుగా అందదు. లక్షణాలు బయటపడ్డాక బతికినవారు అత్యంత అరుదు. అందుకే అది నాడిలోకి దూరకముందే దారి కాయాలి.

టీకాలో ఉండేది చంపిన వైరస్. ఒంట్లో కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు దాని ముక్కలను దగ్గరలోని లింఫు గ్రంథికి మోసుకెళ్లి, టి కణాలనే ఒక రకం తెల్లరక్తకణాలకు చూపిస్తాయి. వాటి సాయంతో, ఆ వైరస్‌ను గుర్తుపట్టగల బి కణాలు (ఇవీ తెల్లరక్తకణాలే) ఒకటికి వందలుగా పెరిగి యాంటీబాడీలను తయారుచేస్తాయి. దీనికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. కండరానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లోనూ, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లోనూ టీకా వేస్తారు. ఇక్కడ 0 అంటే మొదటి టీకా వేసిన రోజే తప్ప కరిచిన రోజు కాదు. టీకాను పెద్దలకు భుజానికి, పసిపిల్లలకు తొడకు వేస్తారు, పిరుదుకు వేయించుకోకూడదు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న పాత భయంతో ఇప్పటికీ వెనుకాడేవారున్నారు. ఆ టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది.

మరి ఆ మొదటి వారం కాపలా ఎవరిది? రక్తం వచ్చేలా కరిచినప్పుడు ఇమ్యునోగ్లోబులిన్, అంటే జనం సీరం అని పిలిచే మందు, తప్పనిసరి అయ్యేది ఇందుకే. అందులో సిద్ధంగా ఉన్న యాంటీబాడీలుంటాయి. మనుషుల రక్తం నుంచి తీసినదైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రాలదైతే 40 యూనిట్లు లెక్కగట్టి, పంటి గాట్ల లోపలా చుట్టూ సూదితో నింపుతారు. వేలి మీద గాటయితే నొప్పి గట్టిగానే ఉంటుంది, అయినా వద్దనకండి. టీకా మాత్రమే వేసి పంపుతుంటే సీరం సంగతి మీరే అడగండి. మొదటి టీకా పడిన 7 రోజులు దాటితే అది వేయరు, అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

కరిచిన కుక్కను 10 రోజులు గమనించడం మంచిదే, కానీ అందుకోసం టీకా ఆపకూడదు. గర్భిణులూ బాలింతలూ నిస్సంకోచంగా వేయించుకోవచ్చు. టీకాలన్నీ పూర్తయ్యాక ఆ వైరస్‌ను గుర్తుంచుకునే జ్ఞాపక కణాలు ఒంట్లో నిలిచిపోతాయి కనుక, మళ్లీ ఎప్పుడైనా కరిస్తే 0, 3 రోజుల్లో రెండు టీకాలు చాలు, సీరం అక్కరలేదు. ఆ రోజు డాక్టరుకు చూపించడానికి టీకాల కార్డును దాచి ఉంచుకోండి.