సంక్రాంతికి సుంకి ఘాట్ దిగేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

డిసెంబరు సగం దాటిందంటే ఒడిశాలో మా జయపురం, కోరాపుట్ వైపు ఆదివారాలన్నీ పిక్నిక్‌లే. దేవమాలి కొండకో, డుడుమ జలపాతానికో, కొలాబ్ డ్యామ్‌కో జీపులు మాట్లాడుకుని పోతారు. ఆ వెంటనే సంక్రాంతి. ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వైపు సొంతూళ్లకు వెళ్తాయి. కనుమ అయ్యాక మళ్లీ అదే ఘాట్ ఎక్కాలి. ఈ నెలన్నరా ఆ రోడ్డు మీద మంచు ఉంటుంది, మలుపులు ఎప్పుడూ ఉన్నవే. వాటికి మందు కూడా తోడు కాకుండా చూసుకోవడం మన చేతిలో పని.

కొన్నేళ్ల కిందట మేం పన్నెండుమందిమి అలాగే పిక్నిక్‌కి వెళ్లాం. భోజనాల దగ్గర మావయ్య డ్రైవర్‌కి గ్లాసు అందించాడు. పొద్దున్నించీ కష్టపడుతున్నాడు, పిలవకపోతే బాగోదని. అది మర్యాదేనని అందరం అనుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ జీపు ఎక్కనంది. "తాగినోడి బండి నేనెక్కను, పిల్లల్నీ ఎక్కనివ్వను." మావయ్యకు కోపం వచ్చింది, డ్రైవర్ చిన్నబోయాడు. చివరికి దగ్గర ఊళ్లో తెలిసినవాళ్ల వరండాలో చలికి ముడుచుకుని తెల్లవార్చాం. ఆ రోజు అమ్మను తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే మొదట చెప్పేది ఇదే: డ్రైవర్‌కి గ్లాసు ఇవ్వకండి. మర్యాద చేయాలనిపిస్తే ఇంకో రెండు ముక్కలు వడ్డించండి, టీ ఇప్పించండి, బత్తా మీద వంద ఎక్కువివ్వండి. తాగి నడపమని పురమాయించినవాళ్లకూ మోటారు వాహనాల చట్టం 188వ సెక్షన్ కింద నడిపినవాడితో సమానంగా శిక్ష ఉంది.

సొంత బండైతే ఎవరు నడుపుతారో ఇంటి దగ్గరే తేల్చుకుని, తాళాలు తాగనివాళ్ల చేతికివ్వండి. అక్కడికెళ్లాక చూద్దాంలే అంటే కుదరదు. రెండో గ్లాసు తర్వాత ఎవరినడిగినా బాగానే ఉన్నానంటారు. మందు ముందుగా దెబ్బతీసేది ఆ అంచనానే.

"కల్లే కదా" అనే మాట మా వైపు మరీ ఎక్కువ. జీలుగు కల్లు, ఒడియాలో సలప అంటారు, పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులిసి నిషా పెరుగుతుంది. మధ్యాహ్నం తాగింది పొద్దున తాగినదానితో సమానం కాదు. ఇప్పసారా సంగతి సరేసరి, అందులో ఎంత ఘాటుందో కాచినవాడికీ తెలియదు. ఊదే మిషన్ మాత్రం కల్లా, సారానా, విస్కీనా అని చూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

రాత్రి తాగి పొద్దున్నే బయల్దేరేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. ఆ 100 మిల్లీలీటర్ల రక్తంలోంచి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే దిగుతుంది. 60 కిలోల మనిషి అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక క్వార్టర్ తాగితే, పొద్దున 6 గంటలకు కూడా ఆ 30 గీత దాటి ఉండొచ్చు. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరగా దించలేవు. కనుమ రాత్రి కూర్చున్నవాళ్లు మర్నాడు మధ్యాహ్నం దాకా స్టీరింగ్ పట్టకపోతే మంచిది.

పట్టుబడితే ఏమవుతుందంటే, 2019 సెప్టెంబరు వరకూ మొదటిసారికి 2,000 ఉన్న జరిమానా ఇప్పుడు 10,000, లేదా 6 నెలల వరకూ జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, లేదా 2 ఏళ్ల వరకూ జైలు, లేదా రెండూ. లైసెన్సు మొదటిసారే 3 నెలలు పోవచ్చు. ఇది అక్కడికక్కడ చలానా కట్టి వచ్చేసే కేసు కాదు, కోర్టుకెళ్లాల్సిందే. ఆంధ్రా నంబరు బండి ఒడిశాలో దొరికితే ఒడిశా కోర్టు చుట్టూ తిరగాలి. ప్రమాదం జరిగితే సొంత బండి నష్టానికి బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో మద్యం, మత్తు ఖాతాలో రాసిన చావులు 2019లో 5,325. కరోనా ఆంక్షలున్న 2021లో 3,314కు తగ్గి, 2022లో మళ్లీ 4,201 అయ్యాయి. ఆ ఏడాది మొత్తం రోడ్డు మరణాలు 1,68,491. అందులో ఇది రెండున్నర శాతమేగా అని ధైర్యపడకండి. తాగి వేగంగా తోలినవాడి చావు అతివేగం కిందికి పోయే వీలుంది.

బైకు మీద వెళ్లే కుర్రాళ్లు వెనక కూర్చునేవాడికీ హెల్మెట్ పట్టుకెళ్లాలి. తూలుతున్నవాణ్ణి మధ్యలో ఇరికించి ముగ్గురు రావద్దు. ఘాట్‌లో న్యూట్రల్ వద్దు, ఎక్కిన గేరులోనే దిగండి. మంచు కమ్మకముందే, నాలుగు గంటలకల్లా తిరుగుముఖం పట్టండి. ఎవరైనా పడిపోయి కనిపిస్తే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. సాయం చేసినవాణ్ణి కేసులో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణే రక్షణ ఇచ్చింది.

ఆ వరండా రాత్రి తర్వాత అమ్మ ఏ పిక్నిక్‌కి బయల్దేరినా బుట్టలో రెండు దుప్పట్లు సర్దుతుంది. మీరూ సర్దుకోండి. తెలిసినవాళ్ల ఇల్లు దారిలో ఎక్కడుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.