రాంచ్ జీవితపు పుస్తకాలు కొనే ముందు

పశ్చిమ అమెరికా రాంచ్‌ల (పశువుల పెంపక క్షేత్రాల) మీద, అక్కడి స్థానిక చరిత్ర మీద పుస్తకాలు సగం ధరకు వచ్చాయని కొన్నాక, వాటిలో కొన్ని ఉచితంగానే దొరుకుతాయని తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. డబ్బు చెల్లించే ముందు హక్కుల పేజీలో తొలి ముద్రణ ఏ సంవత్సరమో చూడండి. అమెరికాలో 1930కి ముందు వెలువడినదైతే అక్కడ కాపీరైట్ తీరిపోయినట్టే కనుక, ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయాలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లోనూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఆ పుస్తకం పేరుతో వెతకండి. టెక్సస్ నుంచి కాన్సస్ రైలు పట్టణాలకు మందలను తోలుకెళ్లిన కౌబాయ్‌ల స్వీయకథలు కొన్ని నాకు ఇలాగే దొరికాయి, అవి నిజంగా చదవదగ్గవి. అలా మిగిలిన సొమ్మును విశ్వవిద్యాలయ ప్రచురణల కొత్త పరిశోధన గ్రంథాలకు ఉంచుకోవడం మేలు. అయితే పునర్ముద్రణలో కొత్తగా చేర్చిన ముందుమాట, పటాలు, విషయసూచిక పాత ప్రతిలో ఉండవు. అవి అవసరమైనవారు అచ్చు పుస్తకమే కొనాలి.