రెండో భాగం కొనే ముందు ఆడినవాళ్ల మాటలను తూచుకోవడం ఎలా

గడుల మైదానంలో వంతుల వారీగా యుద్ధాలు నడిపే వీడియో ఆట ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఏ2 కొనవచ్చా అని తిరుపతిలో నాకు తెలిసిన ముగ్గురిని అడిగాను. ముగ్గురూ దానిని చివరిదాకా ఆడినవాళ్లే, అయినా ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. బైరాగిపట్టెడలో ఉండే అన్న, "అది పిల్లకాయల కథ అబ్బా, పాత ఆట ముందర నిలబడదు" అన్నాడు. నాతో కలిసి చదివిన స్నేహితుడు, "మొదటి దానికంటే శానా బాగుండాది, జైలు బాధ తప్పింది" అన్నాడు. చిత్తూరులో ఉండే మా పిన్ని కొడుకు మాత్రం, "అన్నా, ఆ జడ్జి మనల్నే పట్టుకుంటాడు, అవతలోళ్ల జోలికి పోడు" అని వాపోయాడు. ఆట కొని, ముగించిన తరువాత చూస్తే ముగ్గురి మాటల్లోనూ అబద్ధం లేదు. కాకపోతే ఎవరి మాటను ఎంతవరకు తీసుకోవాలో ముందే తెలిసి ఉంటే మొదటి పది గంటలూ నేను అంత తడబడి ఉండేవాణ్ణి కాను. ఈ ఆట గురించిన అభిప్రాయాలను ఎలా తూచుకోవాలో, ఒక్కొక్క ఫిర్యాదుకు ఆటలోనే ఉన్న విరుగుడు ఏమిటో కింద వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు, మాట్లాడుతున్న మనిషి ఏ ఆట ఆడి దీని దగ్గరికి వచ్చాడో అడిగి తెలుసుకోవాలి. ఈ వరుసలో మొదటి ఆట 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్. సింహాసనం కోసం జరిగే పోరు, మతపీఠం చేసే కుట్రలు, స్నేహితుల మధ్య ద్రోహం నిండిన బరువైన కథ దానిది. రెండోది 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన టాక్టిక్స్ అడ్వాన్స్. మార్ష్ అనే అబ్బాయి తన స్నేహితులతో సహా ఒక మాయాలోకంలోకి వెళ్లిపోతాడు. స్నేహితులు అక్కడే ఉండిపోవాలనుకుంటే ఇతడొక్కడే ఇంటికి తిరిగి వెళ్లాలంటాడు. ఆ పట్టుదల న్యాయమా, స్వార్థమా అని ఆడినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. మనం మాట్లాడుకుంటున్న ఏ2, ఈ అడ్వాన్స్‌కు రెండో భాగం. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ దీనిని చేతిలో పట్టుకుని ఆడే యంత్రమైన నింటెండో డీఎస్ కోసం తయారుచేసి, జపానులో 2007 అక్టోబరులోనూ అమెరికా, ఐరోపాల్లో 2008 జూన్‌లోనూ విడుదల చేసింది. ఇందులో లూసో అనే అల్లరి పిల్లవాడు శిక్షగా బడి గ్రంథాలయం శుభ్రం చేస్తూ, ఒక పాత పుస్తకంలో తన పేరు రాసి, మరో లోకంలోకి జారిపోతాడు. ఇల్లు చేరాలంటే ఖాళీగా ఉన్న ఆ పుస్తకాన్ని తన సాహసాలతో నింపాలి.

ప్లేస్టేషన్ ఆట నుంచి వచ్చినవారు కథ తేలికగా ఉందంటారు. అది నిజమే, ఆ లోటుకు విరుగుడు లేదు. కథ కోసమే ఆడేవారు ఈ ఒక్క ఫిర్యాదు విని ఆగిపోయినా తప్పులేదు. గేమ్‌బాయ్ ఆట నుంచి వచ్చినవారు చట్టాల గురించి మాట్లాడతారు. ఏదీ ఆడకుండా నేరుగా దీని దగ్గరికి వచ్చినవారు బజారు గురించీ, మంత్రగాళ్ల గురించీ, పని ఒప్పందాల (ఆటలో మనం ఒప్పుకుని చేసే పనుల) గురించీ మాట్లాడతారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ మూడో రకం మాటలే ఎక్కువ ఉపయోగపడతాయి. బైరాగిపట్టెడ అన్న చెప్పింది నాకు ఉపయోగపడకపోవడానికి కారణం, నేను ఆ పాత ఆటను ఎన్నడూ ఆడకపోవడమే.

ఇక చట్టాల సంగతి చూద్దాం. వచ్చే అభిప్రాయాల్లో సగానికి పైగా దీని చుట్టూనే తిరుగుతాయి కనుక దీనిని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ప్రతి యుద్ధాన్నీ ఒక జడ్జి పర్యవేక్షిస్తాడు. ఆ యుద్ధంలో చేయకూడని పని ఒకటి ముందే ప్రకటిస్తారు. గేమ్‌బాయ్ ఆటలో చట్టం తప్పితే పసుపు కార్డు, ఎర్ర కార్డు చూపేవారు, ఎర్ర కార్డు పడినవాడు జైలుకు పోయేవాడు, చట్టాలను మార్చడానికీ రద్దు చేయడానికీ వేరే కార్డులు పోగుచేసుకోవాల్సి వచ్చేది. రెండో భాగంలో జైలు తీసేశారు. ఇక్కడ జడ్జి మన దళంతో (మనం నడిపే మనుషుల గుంపుతో) ఒప్పందం కుదుర్చుకున్న రక్షకుడు. చట్టాన్ని పాటించినంతసేపూ, యుద్ధం మొదట్లో మనం ఎంచుకున్న ఒక ప్రత్యేక వరం మన దళానికి పనిచేస్తుంది, చివర్లో అదనపు సామగ్రి కూడా దక్కుతుంది. తప్పితే వరం పోతుంది, అదనపు సామగ్రి పోతుంది, ఆ యుద్ధం ముగిసేదాకా పడిపోయిన మనవాళ్లను లేపడానికి వీలుండదు. నా స్నేహితుడు "జైలు బాధ తప్పింది" అన్నది ఈ మార్పును చూసే.

మా పిన్ని కొడుకు బాధ వేరు. ఈ భాగంలో చట్టం మనకే వర్తిస్తుంది, ఎదుటి పక్షానికి వర్తించదు. అది అన్యాయమని అతని వాదన. పులిజూదం ఆడినవారికి ఇది కొత్తగా అనిపించనక్కరలేదు. అక్కడ పులికి ఒక నియమం, మేకకు ఇంకో నియమం. మేక పులిని చంపలేదు, చుట్టుముట్టి కదలకుండా మాత్రమే చేయగలదు, అయినా ఆట సాగుతుంది. నేను కూడా మొదట అతని పక్షమే. మన చేతులు కట్టేసినందుకు బదులుగా వరమూ, పునర్జీవమూ ఇస్తున్నారని గమనించాక ఆ పక్షం మారాను. అయితే చట్టాల్లో రెండు రకాలున్నాయి, వాటి తేడా తెలియకపోతే ఎవరికైనా విసుగు పుడుతుంది. నిప్పు మంత్రం వాడకూడదు, దూరంగా ఉన్నవారిని కొట్టకూడదు వంటివి మన అదుపులో ఉంటాయి. ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టకూడదు, దెబ్బ గురి తప్పకూడదు వంటివి పాచికల మీద, అంటే అదృష్టం మీద ఆధారపడతాయి.

తిరుపతి నుంచి చిత్తూరు బస్సులో నాకు ఎదురైన ఒక యుద్ధాన్ని ఇందుకు ఉదాహరణగా చెబుతాను. దూరం సుమారు 70 కిలోమీటర్లే కాబట్టి చంద్రగిరి దాటాక మొదలుపెట్టిన యుద్ధం పూతలపట్టు వచ్చేలోపు ముగుస్తుందని లెక్కవేసుకున్నాను. వెనక్కి నెట్టడం నిషేధం అన్న చట్టాన్ని చూసి కూడా తేలికగా తీసుకున్నాను. మూడోసారి వంతు వచ్చినప్పుడు నా కత్తివీరుడు మామూలు దెబ్బే కొట్టాడు. అదృష్టవశాత్తూ, నిజానికి దురదృష్టవశాత్తూ, అది ప్రత్యేక దెబ్బగా పడింది. అలాంటి దెబ్బ తగిలినవాడు ఒక గడి వెనక్కి జరుగుతాడు. వెంటనే ఈల మోగింది, వరం పోయింది. ఆపైన నా వైద్యుడు పడిపోతే అతణ్ణి లేపడానికి, పడినవాళ్లను లేపే ఫీనిక్స్ డౌన్ అనే వస్తువు కూడా పనికిరాలేదు. కండక్టరు టికెట్ల కోసం వచ్చేసరికి మూత మూసి నిద్రలో పెట్టి, కాణిపాకం మలుపు దగ్గర మళ్లీ తెరిచి, ఆ యుద్ధాన్ని ఓడిపోయాను.

కాబట్టి చట్టాన్ని చదివిన వెంటనే అది ఏ రకానికి చెందుతుందో తేల్చుకోవాలి. అదుపులో ఉండే చట్టమైతే, ఆ పనికి అలవాటుపడిన మనిషిని ఆ యుద్ధానికి తీసుకుపోకుండా ఉంటే సరిపోతుంది. పాచికల మీద ఆధారపడే చట్టమైతే చేతి ఆయుధాలను తగ్గించి, మంత్రాల మీదా వైద్యం మీదా యుద్ధాన్ని నడపాలి. వెనక్కి నెట్టకూడదన్నప్పుడు శత్రువు వీపు గోడకో, జరగడానికి వీల్లేని ఎత్తుకో ఆనుకుని ఉండేలా చూసుకుని కొట్టడం కూడా పనికొస్తుంది. ఇంత చేసినా ఒక్కోసారి చట్టం తప్పుతుంది. అప్పుడు యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టే అలవాటు చేసుకోవద్దు. వరం లేకుండా కూడా చాలా యుద్ధాలు గెలవవచ్చు.

మంత్రగాళ్లు పనికిరారన్న మాట మీకు తప్పకుండా వినబడుతుంది. ఇది గేమ్‌బాయ్ ఆట అలవాటు నుంచి పుట్టిన మాట. ఈ భాగంలో ఎవరైనా యుద్ధాన్ని సున్నా మంత్రశక్తితో మొదలుపెడతారు. తమ వంతు వచ్చిన ప్రతిసారీ 10 చొప్పున పెరుగుతుంది. మొదటి వంతులోనే పెద్ద మంత్రం వేద్దామనుకున్నవాడికి ఇది నిరాశే. చిన్న మంత్రాలను మొదటి వంతు నుంచే వాడుకుంటూ, పెద్ద మంత్రం కావలసినవాణ్ణి రెండు మూడు వంతుల పాటు వెనకవరుసలో నిలిపి, ఈలోగా ముందువరుసను కాపాడుకుంటే అదే మంత్రగాడు యుద్ధం మధ్యలో తీర్పు చెబుతాడు. మైదానంలో ఉన్న శత్రువులందరినీ ఒకేసారి తాకే మాయామంత్రాల వర్గం (మన మనిషికి ఇచ్చే వృత్తి) ఒకటుంది. దాని చేత ఓపికగా ఆడించినవారు "మంత్రగాళ్లతో ఆట మరీ సులువైపోయింది" అని ఫిర్యాదు చేయడం కూడా విన్నాను. రెండు ఫిర్యాదులూ ఒకే నియమం మీద నుంచే వచ్చాయి.

బజారు గురించి నా ఫిర్యాదు నాదే, దానిని ఎవరి మీదా నెట్టను. యుద్ధాల్లో దొరికే తోళ్లు, రాళ్లు, ఎముకల వంటి సరుకును బజారులో కలిపి ఇస్తే కొత్త ఆయుధాలు అంగడిలోకి వస్తాయి. ఈ ఆటలో విద్యలు ఆయుధాల నుంచే నేర్చుకోవాలి. ఒక ఆయుధాన్ని ధరించి యుద్ధాలు చేస్తూ దానికి కావలసిన పాయింట్లు కూడబెడితే అందులోని విద్య శాశ్వతంగా మనదవుతుంది. అందువల్ల బజారులో సరుకును తొందరపడి ఖర్చుపెడితే కావలసిన ఆయుధం ఆలస్యమవుతుంది, ఆయుధం ఆలస్యమైతే విద్య ఆలస్యమవుతుంది. నేను మొదటి పది గంటల్లో కనబడిన ప్రతి కలయికనూ చేసేశాను. విలుకాళ్లు ఒక్కరైనా లేని నా దళానికి మూడు విల్లులు వచ్చాయి, వైద్యుడికి కర్ర రాలేదు. ముందుగా మీ ఆరుగురు ముఖ్యమైన మనుషులూ ఏ వర్గాల్లో ఉండాలో కాగితం మీద రాసుకుని, ఆ వర్గాల ఆయుధాలు ఇచ్చే కలయికలనే చేయండి. ఒక విద్య నేర్చుకునేదాకా ఆ ఆయుధాన్ని అమ్మవద్దు.

ఆట మరీ సులువు అనేవారి మాటకు విరుగుడు ఆట మొదట్లోనే ఉంది. మామూలు స్థాయి, కష్టమైన స్థాయి అని రెండు చూపిస్తారు. గతంలో ఇలాంటి ఆట ఒక్కటైనా ముగించినవారు కష్టమైనదే ఎంచుకోవాలి. కష్టమైనదాన్ని ఎంచుకుని జడ్జిని తిట్టేవారి మాటను కొంత తగ్గించి తీసుకోవాలి.

పని ఒప్పందాలు 300 దాకా ఉంటాయి, వాటిలో చాలా వాటికి ప్రధాన కథతో సంబంధం ఉండదు. "ఒకే రకం పనులు, విసుగు" అన్న మాట ఇక్కడి నుంచి వస్తుంది. అన్నిటినీ పూర్తిచేయాలన్న పట్టుదల లేకపోతే ఈ విసుగు సగం తగ్గుతుంది. కొన్నింటికి మనం వెళ్లకుండా దళంలోని మనుషులను పంపితే సరిపోతుంది. కొత్తగా చేరిన రెండు జాతుల విషయంలో మాత్రం ఫిర్యాదు న్యాయమైనదే. లావుగా, మొరటుగా ఉండే సీక్ జాతికీ, రెక్కలతో ఎగిరే గ్రియా జాతికీ నాలుగేసి వర్గాలే ఇచ్చారు. మానవ జాతికి ఉన్నంత వైవిధ్యం వీటికి లేదు. అయినా ఎత్తుపల్లాలున్న మైదానంలో ఒక్క గ్రియాను దళంలో ఉంచుకుంటే కొండ మీద నిలబడి బాణాలు వేసే శత్రువు దగ్గరికి రెండు వంతుల్లో చేరిపోవచ్చు.

యంత్రం, ఆట కొనే విషయం కూడా చెప్పాలి. ఇవి ఇప్పుడు పాతవే దొరుకుతాయి. డీఎస్ ఆటలకు దేశాల వారీ తాళం లేదు కనుక అమెరికా బిళ్ల (ఆట ఉండే చిన్న కార్డు) అయినా ఐరోపా బిళ్ల అయినా ఆడుతుంది. జపాను బిళ్ల కూడా ఆడుతుంది గానీ చదవలేరు. 3డీఎస్‌లోనూ ఇది నడుస్తుంది. మొదటి భాగమైన టాక్టిక్స్ అడ్వాన్స్ కూడా ఆడాలన్న కోరిక ఉంటే పాత డీఎస్ గానీ, డీఎస్ లైట్ గానీ కొనండి, వాటి కింది భాగంలో గేమ్‌బాయ్ అడ్వాన్స్ బిళ్ల పట్టే సందు ఉంటుంది. తరువాత వచ్చిన డీఎస్ఐలో అది లేదు. నకిలీ బిళ్లలు చాలా ఉన్నాయి కాబట్టి డబ్బు ఇవ్వకముందే అంగడిలో ఆటను భద్రపరచి, యంత్రం పూర్తిగా ఆపి, మళ్లీ తెరిచి చూడాలి. ఇలా చూడకుండా నేను కొన్న మొదటి బిళ్ల ఆరు గంటల ఆటను మింగేసింది. అమ్మినవాడు, "చూసుకొని తీసుకోవాల్సింది సామీ" అన్నాడు.

రెండోసారి కొన్న బిళ్లలో ముందు ఆడినవారు భద్రపరచిన ఆట ఒకటి అలాగే ఉంది. పదకొండు గంటల దగ్గర ఆగిపోయింది. తెరిచి చూస్తే దళమంతా కత్తివీరులే, మంత్రగాడు ఒక్కడూ లేడు, బజారు సరుకు మొత్తం ఖాళీ. ఆ మనిషి ఈ ఆట గురించి ఎక్కడైనా అభిప్రాయం చెప్పి ఉంటే ఏమని చెప్పి ఉంటాడో నాకు తెలిసిపోయింది. ఎవరినైనా అడిగేటప్పుడు ఎన్ని గంటలు ఆడారో, దళంలో ఎవరెవరిని ఉంచుకున్నారో కూడా అడగండి. మా పిన్ని కొడుకును నేను ఆ సంగతి అడిగింది ఆలస్యంగా. అతని దళంలో ఆరుగురిలో నలుగురు ప్రత్యేక దెబ్బల మీద ఆధారపడేవారే. ఇప్పుడు ఇద్దరిని మార్చి మళ్లీ మొదటి నుంచి ఆడుతున్నాడు, జడ్జిని తిట్టడం మాత్రం మానలేదు.