ఆలస్యంగా తెరుచుకునే కంప్యూటర్: ఎండలు ముదరకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురంలో ఒక ఫోటో స్టూడియో వారు ఈ మధ్య తమ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించి, ఇంకా ఆల్బమ్ కూడా వేయని పెళ్లి ఫోటోలను పోగొట్టుకున్నారు. ఆన్ చేశాక విండోస్ రావడానికి చాలాసేపు పడుతోందన్నదే వారి ఇబ్బంది. సీ డ్రైవ్ ఒక్కటే తుడుస్తామని, డీ డ్రైవ్ జోలికి పోము కనుక ఫైళ్లు భద్రమని షాపులో చెబితే నమ్మారు. ఆ ఫోటోలేమో డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లలో ఉన్నాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ కిందే ఉంటాయన్న సంగతి తెర మీద చూస్తే తెలియదు.

అనవసరమైన ప్రోగ్రాములు తీసేయడం, డ్రైవ్‌లో ఖాళీ ఉంచడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి గురించి రాయడం లేదు. చెప్పదలచినది ఒక్కటే: ఫైళ్లకు వేరే చోట కాపీ తీసుకోకుండా మరమ్మతు మొదలుపెట్టవద్దు. నేను చూసినంతలో ఎక్కువమందిని ముంచింది ఈ పొరపాటే. పాత హార్డ్ డిస్క్ పాడవుతున్నప్పుడు ముందుగా కనిపించే లక్షణాల్లో ఆలస్యంగా బూట్ కావడం ఒకటి. చదవలేని సెక్టార్ (డిస్క్‌లో సమాచారం ఉండే చిన్న భాగం) దగ్గర డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోతుంది, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. అటువంటి డిస్క్ మీద డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను సర్దడం), చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతకడం), ఫార్మాట్ వంటివి ఏవి నడిపినా, దానికి మిగిలిన కాస్త ఆయుష్షూ ఫైళ్లను బయటికి తెచ్చుకోవడానికి కాకుండా ఆ పనికే ఖర్చయిపోతుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోందో గమనించండి. కంపెనీ లోగో దగ్గరే ఆగుతుంటే పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు తీసి చూడాలి. అప్పటికీ ఆగితే లోపలి డిస్క్‌ను, దాని కేబుల్‌ను అనుమానించాలి. డెస్క్‌టాప్ వచ్చాక మొరాయిస్తుంటే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా (విండోస్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రాములు) చూడాలి. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ‘కాషన్’ అని పసుపు రంగు కనిపించినా, ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ వరుసలోని ‘రా వాల్యూస్’ గడిలో సున్నా కాక వేరే అంకె ఉన్నా ఆ పూటే కాపీ తీసుకోండి. ‘గుడ్’ అని వచ్చినా తీసుకోండి, ఎందుకంటే ఏ సూచనా లేకుండా చెడిపోయే డిస్క్‌లూ ఉన్నాయి.

కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు రెక్కల్లో (హీట్‌సింక్‌లో) దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కరెంటు ఉన్నట్టుండి పోవడం డిస్క్‌కు అంతకన్నా చేటు. కరెంటు పోయిన మరుక్షణమే సిస్టమ్ ఆగిపోతుంటే యూపీఎస్ ఉన్నా లేనట్టే. ఆ బ్యాటరీని ఇప్పుడే మార్పించండి.

ముందు కాపీ, ఆ తరువాతే ఏదైనా. ఆ కాపీని డీ డ్రైవ్‌లో పెట్టవద్దు. చాలా కంప్యూటర్లలో సీ, డీ ఒకే డిస్క్‌లోని భాగాలు, పోతే రెండూ కలిసే పోతాయి. మళ్లీ దొరకని ఫోటోలు, లెక్కలు, దస్తావేజులు ముందు, సినిమాలు చివర. ఒక ఫైలు దగ్గర కాపీ ఆగిపోతే దాన్ని వదిలి తరువాతిదానికి వెళ్లండి. డిస్క్ టకటకమని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి, మళ్లీ ఆన్ చేయవద్దు, డేటా రికవరీ చేసేవారికే ఇవ్వండి. ఆలస్యమవుతోందని విసుగుతో పదే పదే స్విచ్ ఆపవద్దు. కేబినెట్ తెరిచే ముందు ప్లగ్ పీకండి. పవర్ సప్లై డబ్బాను విప్పవద్దు, ప్లగ్ పీకినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. దుమ్ము పోవడానికి బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా రెక్కను పట్టుకోండి. కంప్యూటర్‌లో తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ మార్చండి. పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయిస్తే పాత డిస్క్‌ను షాపులో వదలవద్దు, కొత్తదానిలో ఫైళ్లు తెరిచి చూసుకునేదాకా దాన్ని తుడవనివ్వవద్దు. కాపీ తీయకుండా కంప్యూటర్‌ను ఎవరి చేతికీ ఇవ్వవద్దు. ఇవ్వక తప్పకపోతే, అడగకుండా ఫార్మాట్ చేయరాదని రసీదు మీద రాయించుకోండి.