క్యాసెట్ ఎక్కించాక మాట వెనకబడుతోందా? కార్డు మార్చే ముందు ఇది చదవండి

పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎడిట్ చేసుకోవాలనుకునేవాళ్ల నుంచి నేను వినే ఫిర్యాదులు తిప్పి తిప్పి మూడే. మూడింటికీ అందరూ వెతికే మందు ఒకటే: ఇంకో క్యాప్చర్ కార్డు, అంటే వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం. చాలాసార్లు పాపం కార్డు చేసిన తప్పేమీ ఉండదు.

సమస్య: తెర నల్లగానే ఉంది

పసుపు వైరు వీసీఆర్ వెనక ‘అవుట్’లో ఉందా, ‘ఇన్’లో ఉందా? నవ్వకండి, వెళ్లి చూడండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ కాంపోజిట్ (ఆ పసుపు వైరుదే) అని ఉందా, ఎస్-వీడియో (వేరే రకం వైరుది) అని ఉందా చూడండి. వీడియో కాల్ ప్రోగ్రామ్ ఏదైనా వెనక తెరిచి ఉంటే కార్డును అదే పట్టుకుని కూర్చుంటుంది, మూసేయండి. సెట్టింగ్స్‌లో కెమెరా అనుమతి ఆపేసి ఉన్నా నలుపే. హెచ్‌డీఎంఐ కార్డుకు సెట్‌టాప్ బాక్స్ తగిలించి నలుపు వచ్చిందంటే అది కాపీ చేయనివ్వని హెచ్‌డీసీపీ రక్షణ. కార్డు బాగానే ఉంది, దాన్ని వదిలేయండి.

సమస్య: బొమ్మ కుదుపుతోంది, పెట్టె మీద 4కే అని ఉన్నా మసకగా ఉంది

చవక కార్డుల మీద 4కే అంటే లోపలికి తీసుకోగలిగేది, రికార్డు చేసేది కాదు. సెకనుకు 60 ఫ్రేముల 1080 వీడియోను కుదించకుండా పంపాలంటే దాదాపు 2 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 మెగాబిట్లే. అందుకే కార్డు బొమ్మను నలిపి పంపుతుంది. యూఎస్‌బీ 3.0 కార్డు తీసుకుని, హబ్ లేకుండా నేరుగా యూఎస్‌బీ 3.0 పోర్టులోనే పెట్టండి.

క్యాసెట్ల సంగతి వేరు. పాల్ (PAL, మన దగ్గర వాడిన టీవీ పద్ధతి) బొమ్మ 720×576, సెకనుకు 25 ఫ్రేములు. కుదించకపోయినా సుమారు 166 మెగాబిట్లే కాబట్టి యూఎస్‌బీ 2.0 చాలు. ఇక్కడ 4కే కోసం డబ్బు పోయడం దండగ. మీ సిస్టమ్‌కు ఆ కార్డు డ్రైవర్ ఉందా లేదా అన్నది మాత్రం కొనకముందే చూసుకోవాలి. పాత కాంపోజిట్ కార్డులు చాలావాటికి కొత్త సిస్టమ్‌లలో డ్రైవర్ దొరకదు.

సమస్య: మొదట్లో బాగానే ఉంది, పోనుపోను మాటకీ పెదవికీ పొంతన లేదు

ఇదే నన్ను ముంచింది. ఒక గంట క్యాసెట్. మొదటి పది నిమిషాలు చక్కగా ఉంది. చివరికొచ్చేసరికి చేతులు చప్పట్లు కొట్టేశాక సెకనుకు చప్పుడు వినిపిస్తోంది. కంప్యూటర్ నెమ్మది అనుకున్నాను, డిస్క్ మార్చాను, వరసగా మూడు కార్డులు మార్చాను. తేడా ఆవగింజంతైనా తగ్గలేదు.

దొంగ క్యాసెట్టే. టేపు సాగి ఉంటుంది, మెకానిజం అరిగి ఉంటుంది. దాంతో బొమ్మలోని ఒక్కో గీత, ఒక్కో ఫ్రేము రావలసిన క్షణానికి రాక కాస్త ముందూ వెనకా వస్తాయి. పాత టీవీ దీన్ని సర్దుకుపోయేది. కార్డు సర్దుకోదు, తాళం తప్పిన ఫ్రేమును పారేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా సాగిపోతుంది. పాల్‌లో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అలా 25 ఫ్రేములు పోతే బొమ్మ సెకను ముందుకు దూకినట్టే.

పట్టుకోవడం తేలిక, కానీ ఎవరూ చేయరు. వర్చువల్‌డబ్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ క్యాప్చర్‌లో రాలిపోయిన ఫ్రేముల లెక్క కనిపిస్తుంది. క్యాసెట్ తీసేసి, అదే వైర్లకు డీవీడీ ప్లేయర్ తగిలించి గంట రికార్డు చేయండి. లెక్క సున్నా దగ్గరే ఉంటే కార్డూ కంప్యూటరూ నిర్దోషులు. అప్పుడూ రాలుతుంటేనే పోర్టు, డిస్క్, కార్డు అంటూ వెతకండి.

వైద్యం: వీసీఆర్‌కూ కార్డుకూ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ పెట్టాలి. అది ఫ్రేమును జ్ఞాపకంలో దాచుకుని సమానమైన తాళంలో బయటికి పంపుతుంది. కొన్ని వీసీఆర్లలో లోపలే ఉండే కరెక్టర్ గీతల వంకరలు మాత్రమే సరిచేస్తుంది, ఫ్రేములు రాలడం దానితో ఆగకపోవచ్చు. విడి పరికరం దొరకకపోతే పాత డీవీడీ రికార్డర్ గుండా సిగ్నల్ పంపి చూడండి. అన్ని మోడళ్లూ కాదు గానీ కొన్ని ఈ పని బాగానే చేస్తాయి. ముందు క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టడం, ట్రాకింగ్ సరిచేయడం మరవకండి.

ఇప్పటికే ఎక్కించేసినవాళ్లు ఎడిటర్‌లో శబ్దాన్ని మొత్తంగా సాగదీయొద్దు. ఫ్రేములు టేపు పాడైన చోట గుంపుగా రాలతాయి, కాబట్టి తేడా మెట్లుమెట్లుగా వస్తుంది. ఆ మెట్ల దగ్గర కోసి సర్దాలి. మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఒకే వేగంతో పెరిగే తేడా అయితే అది ఆడియో గడియారం తేడా. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) 48,000 దగ్గరే ఉందా చూడండి, సాగదీస్తే కుదురుతుంది.

మిగతావి అరుదు. అమ్మకపు క్యాసెట్లలో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది కాపీ నిరోధక సిగ్నల్, ఇంట్లో తీసుకున్నవాటికి ఆ బెడద లేదు. బూజు పట్టిన క్యాసెట్‌ను మాత్రం శుభ్రం చేయించకుండా వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్‌కూ ఎక్కుతుంది.