పిల్లలు కలగడం కోసం చేసే చికిత్సలో హార్మోన్ ఇంజెక్షన్లు: ఇంట్లో జాగ్రత్తగా తీసుకోవడం ఎలా?

ఐవీఎఫ్ (అండాలను బయటికి తీసి, ల్యాబ్‌లో వీర్యకణాలతో కలిపి, పిండాన్ని గర్భాశయంలో పెట్టే చికిత్స) మొదలైందంటే రోజూ ఇంజెక్షన్లు తప్పవు. వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐలోనూ చాలామందికి రాస్తారు. ఎక్కువమందికి సూదంటేనే టెన్షన్. కానీ వీటిలో చాలావాటి సూది బాగా సన్నగా ఉంటుంది, పొట్ట మీద చర్మం కిందికే వెళ్తుంది. నర్సు ఒకసారి దగ్గరుండి నేర్పితే ఎవరికి వారే వేసుకోవచ్చు. అంతకన్నా ఎక్కువగా పట్టించుకోవాల్సినవి మోతాదు, టైము, అండాల ఎదుగుదల చూసే స్కాన్లు, ఒంట్లో వచ్చే మార్పులు.

ఏ మందు ఎందుకు?

మామూలుగా నెలకు ఒక అండమే పూర్తిగా ఎదుగుతుంది. దానితో పాటు మొదలైన మిగతావి మధ్యలోనే ఆగి నశించిపోతాయి. ఎఫ్ఎస్‌హెచ్, హెచ్ఎంజీ అనే హార్మోన్ ఇంజెక్షన్లు అలా పోవాల్సినవాటిని కూడా ఎదిగేలా చేస్తాయి. కాబట్టి "ఒకేసారి ఇన్ని తీసేస్తే నాకున్న అండాలు తొందరగా అయిపోతాయేమో" అన్న బెంగ అక్కర్లేదు. ఐవీఎఫ్‌లో ఇవి సాధారణంగా 8 నుంచి 14 రోజులు సాగుతాయి. మధ్యలో సెట్రోరెలిక్స్ లేదా గానిరెలిక్స్ కలుపుతారు, అండాలు ముందే విడుదలైపోకుండా అడ్డుకునేది ఇదే. చివర్లో ట్రిగ్గర్, అంటే అండాలను పూర్తిగా పక్వం చేసే ఇంజెక్షన్.

మొదలుపెట్టకముందే డాక్టర్‌కి కొన్ని చెప్పి తీరాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాల విడుదల గాడి తప్పే సమస్య) ఉందా, మీకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఎప్పుడైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిందా, థైరాయిడ్, రొమ్ము క్యాన్సర్, ఏవైనా మందుల అలర్జీలు. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది నిర్ణయించేటప్పుడు వీటినీ చూస్తారు.

మందు ఇంటికి వచ్చాక

చాలా ఎఫ్ఎస్‌హెచ్ పెన్‌లను (మందు నింపి ఉన్న, పెన్నులాంటి ఇంజెక్షన్లు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. కొన్ని పొడి మందులు బయట ఉంచినా పాడవవు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కాబట్టి పెట్టెలోని కాగితం చదవండి. పెన్ తెరిచిన తేదీని దాని మీదే రాసుకుంటే మంచిది, ఎన్ని రోజుల్లో వాడేయాలో ఆ కాగితంలోనే ఉంటుంది.

వేసుకునే పద్ధతి

1. రోజూ ఒకే టైము పెట్టుకోండి. ఫోన్‌లో అలారం ఉంటే ఇంకా మంచిది.
2. సబ్బుతో చేతులు కడుక్కోండి. మందు పేరు, గడువు తేదీ, ఈ రోజు మోతాదు మూడూ చీటీతో సరిచూడండి. స్కాన్ తర్వాత మోతాదు మారి ఉండవచ్చు. నిన్నటి అంకెతోనే వేసేసుకోవడం తరచూ జరిగే పొరపాటు.
3. బొడ్డుకు రెండు అంగుళాలు వదిలి, పక్కన లేదా కింద చోటు ఎంచుకోండి. నిన్న వేసినచోట ఈ రోజు వద్దు.
4. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉండగా గుచ్చితే మండుతుంది.
5. చర్మాన్ని మెల్లగా మడతగా పట్టి, నర్సు చూపించిన కోణంలో సూది దించండి. మందు నెమ్మదిగా ఎక్కించండి. పెన్ అయితే నొక్కాక పది సెకన్లు అలాగే ఉంచాలి.
6. సూది తీసి, రక్తపు చుక్క వస్తే దూదితో అదిమి పట్టండి, రుద్దకండి.
7. సూదిని మందపాటి, మూత ఉన్న డబ్బాలో వేసి ఆసుపత్రికి తిరిగి ఇవ్వండి. ప్రతిసారీ కొత్త సూదే.

సిరంజిలో చిన్న బుడగ కనిపిస్తే గుండె ఆగిపోతుందేమోనని హడలిపోతారు. చర్మం కింద వేసే ఇంజెక్షన్‌లో దానివల్ల ప్రమాదం లేదు. పెద్ద బుడగైతే మోతాదు కాస్త తగ్గుతుంది, అందుకే తీసేయమంటారు.

ఒక డోసు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకండి. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

ట్రిగ్గర్ టైము

మిగతా ఇంజెక్షన్లకు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, దీనికి మాత్రం కుదరదు. అండాల సేకరణ దీనికి సుమారు 34 నుంచి 36 గంటల తర్వాత ఉంటుంది. ముందే వేసుకుంటే అండాలు విడుదలైపోవచ్చు, ఆలస్యమైతే సరిగా పక్వం కాకపోవచ్చు. రాత్రి ఏ వేళ చెప్పినా అదే వేళకు వేసుకోండి. టైము తప్పితే దాచకుండా చెప్పండి, సేకరణ సమయం మార్చే వీలుంటుంది.

ప్రమాదాలు, గుర్తుపట్టడం

తలనొప్పి, కడుపు కాస్త ఉబ్బరం, రొమ్ముల సలుపు, సూది దగ్గర ఎర్రబడటం మామూలే. అసలు జాగ్రత్త పడాల్సింది ఓహెచ్ఎస్ఎస్ అనే సమస్య గురించి. అండాశయాలు మందుకు మితిమీరి స్పందించి ఉబ్బిపోతాయి, రక్తనాళాల్లోని నీరు పొట్టలోకి చేరుతుంది. చిన్న వయసువాళ్లలో, పీసీఓఎస్ ఉన్నవాళ్లలో, ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే హార్మోన్) ఎక్కువ ఉన్నవాళ్లలో, ఫోలికల్స్ (అండాలు ఎదిగే సంచులు) చాలా వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ. హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను ట్రిగ్గర్‌గా వేస్తే, ఆ తర్వాత వారంలోపు రావచ్చు. గర్భం నిలిస్తే ఆ తర్వాతా రావచ్చు. తేలికపాటిది తరచుగా చూసేదే, దానంతటదే తగ్గుతుంది. తీవ్రమైనది అరుదు, కానీ ఆసుపత్రిలో చేరాల్సిందే.

అందుకే రోజూ ఉదయం బరువు, నడుము చుట్టుకొలత రాసుకోండి. రోజుకు కిలో లేదా అంతకన్నా ఎక్కువ బరువు పెరగడం, ఆగని వాంతులు, మూత్రం తగ్గి ముదురు రంగులో రావడం, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. ఒక పక్కనే ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చు. ఒక కాలో, చెయ్యో, మెడో వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఈ రెండింటికీ నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. అండాశయాలు ఉబ్బి ఉన్నన్నాళ్లూ పరుగు, బరువులు ఎత్తడం మానుకోండి.

డాక్టర్ "ఈసారి పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాత పెడదాం" అంటే నిరాశపడకండి. ఓహెచ్ఎస్ఎస్‌ను తప్పించే గట్టి మార్గాల్లో అదొకటి. ఐయూఐలో ఫోలికల్స్ ఎక్కువై సైకిల్ (ఆ నెల చికిత్స) ఆపేద్దామన్నా అంతే. ముగ్గురు నలుగురు ఒకే కాన్పులో అంటే తల్లికీ, నెలలు నిండకుండా పుట్టే బిడ్డలకీ ముప్పు.

స్కాన్ లేకుండా ఈ ఇంజెక్షన్లు ఎవరు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. స్నేహితురాలి దగ్గర మిగిలిన పెన్ కూడా వద్దు. భర్త విషయంలోనూ ఒక మాట: బలం కోసమని సొంతంగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే వీర్యకణాల ఉత్పత్తి తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. తీసుకుంటుంటే డాక్టర్‌కి చెప్పాలి.

తర్వాతి రోజులు

గర్భం నిలవడానికి తోడ్పడే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను నూనె ఇంజెక్షన్‌గా రాస్తే అది కండలోకి వేసేది, సూది పెద్దది. నేర్చుకున్నవాళ్ల చేతే వేయించుకోండి. అందులో నువ్వుల నూనె లేదా వేరుశెనగ నూనె ఉండవచ్చు, అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

ట్రిగ్గర్‌గా వేసిన హెచ్‌సీజీ ఒంట్లో దాదాపు రెండు వారాల దాకా ఉండవచ్చు. గర్భ పరీక్ష కిట్ పట్టుకునేదీ ఆ హార్మోన్‌నే కాబట్టి, తొందరపడి చూస్తే గర్భం లేకున్నా రెండు గీతలు రావచ్చు. డాక్టర్ చెప్పిన తేదీనే రక్త పరీక్ష చేయించుకోండి. ఫలితం ఏదైనా, వాళ్లు చెప్పేవరకు ప్రొజెస్టిరాన్ ఆపకండి.